సోఫా లేని ఇంట్లో కొత్తవాడ జంపఖానా: ఏడాది వాడిన తర్వాత

గత శ్రావణంలో హనుమకొండలో వడ్డేపల్లి వైపు కట్టుకున్న ఇంట్లోకి మేము గృహప్రవేశం చేసిననాడు ముందుగదిలో సోఫా లేదు. ఏడాది దాటిన ఇప్పుడు కూడా లేదు. ఆ స్థలంలో వరంగల్ కొత్తవాడలో ఆర్డరిచ్చి నేయించుకున్న 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవున్న నూలు జంపఖానా ఒకటి, గోడల పక్కన పరుచుకోవడానికి రెండున్నర అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్న పట్టీలు రెండు, బూరుగు దూది కూరిన నాలుగు గుండ్రటి దిండ్లు ఉన్నాయి. ఈ సమీక్ష ప్రధానంగా ఆ జంపఖానా గురించి. అయితే దాన్ని కొనడానికి నూలు నాణ్యత ఎంత కారణమో, కొనవద్దని చెప్పిన బంధువుల సంఖ్య కూడా అంతే కారణం కాబట్టి, వాళ్లను వదిలేసి వస్తువు గురించి మాత్రమే రాస్తే విషయం సగమే చెప్పినట్లవుతుంది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. పరీక్షల తర్వాత సమాధాన పత్రాలను నాలుగు కుప్పలుగా నేల మీద పరుచుకుని, మధ్యలో కూర్చుని దిద్దడం ఇరవై రెండేళ్లుగా నాకున్న అలవాటు. కూరగాయలు తరగడం, బట్టలు మడత పెట్టడం, ఫోన్లో మాట్లాడడం, మధ్యాహ్నం ఒక అరగంట నడుము వాల్చడం అన్నీ కిందనే. మా తాత 1934లో నిజాం ప్రభుత్వ కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లులో పనిచేశారు. మట్టెవాడలోని ఆయన పెంకుటింటికి ఎవరు వచ్చినా, తహసీలు కచేరీ గుమాస్తా వచ్చినా సరే, గోడకు నిలబెట్టి ఉంచిన జంపఖానా చుట్టను దించి, ఒక్క తోపుతో దొర్లించి పరిచేవారు. ఆ తోపు వేసే హక్కు కోసం మేము పిల్లలం కొట్లాడుకునేవాళ్లం. మిల్లు మూతపడింది, ఇల్లు పంపకాల్లో పోయింది, నేల మీద కూర్చునే అలవాటు మాత్రం నాతో వచ్చింది. దీన్ని సిద్ధాంతమని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇంటి గోడలు లేచేదాకా దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కూడా.

గోడలు లేచాక ప్రతి ఒక్కరూ ముందుగదిలో నిలబడి, చెయ్యి చాపి, "సోఫా ఇటు, టీవీ అటు" అనడం మొదలుపెట్టారు. టైల్స్ వేసిన మేస్త్రీ సోఫా కిందికి వచ్చే భాగంలో రంగు తేడా ఉన్న పలకలు వేస్తానని, ఎలాగూ కనబడవని చెప్పినప్పుడు, అక్కడ సోఫా రాదని నేను అంటే, ఆయన నా వైపు కాకుండా మా వారి వైపు చూశాడు. మా చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి, డబ్బు తక్కువైందేమోనన్న అనుమానంతో, "ఇంత మంచి ఇల్లు గట్టి వచ్చినోళ్లను కింద గూసోవెడ్తవా బిడ్డా? నేనొక ఇరవై వేలు సర్దుత, ఎవ్వరికి జెప్పకు" అంది. అందరిలోకీ సూటిగా మాట్లాడింది మా ఆడబిడ్డ. జంపఖానా అన్న మాట వినగానే ఆమె, "టెంట్‌హౌస్ సామానా? ఇల్లనుకున్నవా, ఫంక్షన్ హాలనుకున్నవా?" అని అడిగింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. భజనలకు, దశదిన కర్మలకు, సభలకు అద్దెకు తెచ్చి పరిచే వస్తువుగానే మా వైపు జనానికి జంపఖానా ఎక్కువ పరిచయం. దాన్ని సొంత ముందుగదిలో శాశ్వతంగా పరవడమంటే ఇంట్లో ఏదో కార్యం జరుగుతున్నట్లు ఉంటుందని ఆమె బాధ.

ఇలాంటి ఒత్తిడిలో కష్టమేమిటంటే, అది పగవాళ్ల నుంచి రాదు. ఇరవై వేలు రహస్యంగా సర్దుతానన్న మనిషి మీద ఎవరైనా ఎలా కోపగించుకుంటారు? ఆ మమకారానికే లొంగి ఒక ఆదివారం మేమిద్దరం ఫర్నిచర్ షోరూముకు వెళ్లాం. దాని పేరు ఇక్కడ అనవసరం. అరవై రెండు వేల రూపాయలు, పన్నెండు వాయిదాలు అని చెప్పిన మూల సోఫా మీద నన్ను కూర్చోమన్నారు. ధర గురించి ఆ కుర్రవాడు చెబుతున్నది వింటూ రెండు నిమిషాలు కూర్చున్నాక, మా వారు ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. చూసుకుంటే నా చెప్పులు కింద ఉన్నాయి, కాళ్లు పైన ఉన్నాయి. నాకు తెలియకుండానే ఆ సోఫా మీద సక్లముక్లం పెట్టుకుని కూర్చున్నాను. "దీనికి అరవై రెండు వేలెందుకు?" అని ఆయన అన్న మాటతో ఆ బేరం ముగిసింది. మరుసటి ఆదివారం కొత్తవాడకు వెళ్లాం.

కొత్తవాడలో షాపులు ఉన్నాయి, సంఘాలు ఉన్నాయి, ఇళ్లలోనే మగ్గాలు నడిపే పద్మశాలీ కుటుంబాలు ఉన్నాయి. నేను కొన్నది ఒక ఇంట్లో. భార్యాభర్తలిద్దరూ ఒకే వెడల్పాటి మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పడుగు దారాల మధ్య నుంచి రంగు నూలును చేత్తో దూర్చి, పంజా అనే ఇనుప పళ్ల పనిముట్టుతో కొట్టి దగ్గరకు దించుతారు. వీధిలోకి వెళ్లగానే వినిపించేది ఆ దెబ్బల చప్పుడే. పంజా మన అరచేతి వెడల్పున ఉంటుంది. దాని కొనలు ఎన్నో ఏళ్ల రాపిడికి నున్నగా మెరుస్తుంటాయి. చదరపు అడుగుకు 90 రూపాయల చొప్పున పెద్దదానికి 4,860, రెండు పట్టీలకు 2,700, మొత్తం 7,560 రూపాయలు అయింది. సగం ముందు ఇచ్చాం. అద్దకం వేసినవి ఇంతకంటే తక్కువలో వస్తాయి కానీ నాకు నేతలోనే పూలు, మెట్లు తేలే రకం కావలసి వచ్చింది.

ఆ రకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. రెండు రంగులు పక్కపక్కన వచ్చే చోట, ఒక రంగు నూలు అక్కడికి ఆగి వెనక్కి తిరుగుతుంది, రెండో రంగు అక్కడి నుంచి మొదలవుతుంది. రెండూ ఒకదానినొకటి పట్టుకోకుండా తిరిగిపోతే మధ్యలో సన్నని చీలిక మిగులుతుంది; కొన్నాళ్లకు పిల్లల కాలి వేలు, చీపురు పుల్ల అందులో చిక్కి అది పెద్దదవుతుంది. రెండు రంగుల నూలునూ సరిహద్దులో ఒకదానిలో ఒకటి మెలివేసి తిప్పే పద్ధతిని ఇంటర్‌లాక్ అంటారు. వరంగల్ జంపఖానాలకు పేరు తెచ్చిన పద్ధతుల్లో ఇది ఒకటి. తెలుసుకోవడం చాలా సులభం. జంపఖానాను వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే, రంగులు కలిసే గీత వెంట సూది మొనంత వెలుగు చుక్కలు కూడా కనబడకూడదు. మాది ముదురు నీలం నేల మీద ఎరుపు, ముడి నూలు రంగు మెట్లు మెట్లుగా దిగే త్రికోణాలున్న నమూనా. గీతల వెంట ఎక్కడా వెలుగు చొరబడలేదు. తిరగేస్తే రెండో వైపు కూడా అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి, ఒకటి మురికైతే రెండోది పైకి వేసుకోవచ్చునన్నది గృహిణులు ఒప్పుకోని లాభం. నేను ఒప్పుకుంటాను.

రంగుల దగ్గర ఆ నేతన్న నాతో చెప్పిన ఒక మాటే ఈ వస్తువు మీద నాకు నమ్మకం కలిగించింది. ఇవి ఆకులు, బెరళ్ల రంగులా అని అడిగితే, కావని, డబ్బాల్లో వచ్చే రసాయనపు రంగులేనని చెప్పాడు. అంతకు కొన్ని నెలల ముందు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి, చీటీ మీద సహజ రంగులని రాసి ఇస్తే చదరపు అడుగుకు రెట్టింపు ఇస్తానన్నాడట. "రాస్తే ఏం పోతది అన్నడమ్మా. రాయను అన్న. మళ్ల రాలేదాయన" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో గర్వమేమీ లేదు, ఆర్డరు పోయిన దిగులే ఎక్కువగా ఉంది. పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం పంజా ఆపకుండానే, "మా తమ్ముడు రాసిచ్చిండు, బండి కొన్నడు" అంది. ఆ ఇంట్లో ఈ విషయం మీద ఇంకా తీర్పు రాలేదని నాకు అర్థమైంది. మా ఇంట్లో సోఫా గురించి జరుగుతున్న వాదనకు ఇది చిన్నమ్మ కూతురు లాంటిదనిపించి, నేను బేరమాడడం మానేశాను.

అయితే ఆయన అన్ని విషయాల్లోనూ పాత పద్ధతినే పట్టుకుని వేలాడే మనిషి కాదు. పెళ్లిళ్ల ఆర్డర్లకు అద్దకపు పనీ చేస్తాడు, ఫోన్లో బొమ్మ చూపిస్తే ఆ రంగులూ కలుపుతాడు. చేయననేది రెండే: నూలులో పాలిస్టర్ కలపడం, లేనిదాన్ని ఉందని చెప్పడం. పాలిస్టర్ కలిసిందో లేదో మనం కూడా చూసుకోవచ్చు. అంచు కుచ్చులోంచి ఒక దారం తుంచి అగ్గిపుల్లకు చూపిస్తే, నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, చేత్తో నలిపితే రాలిపోతుంది. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా చేతికి తగులుతుంది. నేను ఆయన ముందే కాల్చి చూశాను. మర్యాద కాదేమోనని సంకోచిస్తుంటే, అగ్గిపెట్టె ఆయనే తెచ్చి ఇచ్చాడు.

షాపుల్లో వినిపించే చరిత్ర గురించి ఇక్కడే ఒక మాట. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ నుంచి వెళ్లింది ఇదేనని ఒక షాపులో నాకు ఒక జంపఖానా చూపించారు. ఆ ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లిన మాట వాస్తవమే కానీ, అవి దారం దారానికీ ముడి వేసి, పైన కుచ్చులా కత్తిరించే మెత్తని తివాచీలు. బల్లపరుపుగా నేసే నూలు జంపఖానా వేరే జాతి. జంపఖానాకు తన సొంత గౌరవం చాలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో కేంద్రం చేసిన చట్టం కింద ఇప్పుడున్న 11 రకాల్లో చీర, ధోవతి, తువ్వాలుతో పాటు జంపఖానా కూడా ఉంది. అయినా మరమగ్గం మీద నేసినవీ, అచ్చు వేసిన సింథటిక్ చాపలూ వరంగల్ పేరుతోనే అమ్ముడుపోవడం నేను చౌరస్తాలో చూశాను. కాబట్టి చీటీని కాదు, దారాన్ని నమ్మాలి.

ఇక లోపాలకు వస్తాను. మొదటిది ఆలస్యం. ఆషాఢం మూడో వారానికి ఇస్తానన్న సరుకు, గృహప్రవేశం రెండు రోజులుందనగా వచ్చింది. మగ్గం మీద పని ఎనిమిది రోజులేనట. కానీ ఆ ఏడు ముసురు వదలక, రంగు వేసిన నూలు చిలపలు ఆరలేదు. తడి నూలుతో నేస్తే ఎండాక బిగుతు తప్పుతుందని ఆయన చెప్పిన కారణం సమంజసమే. కాకపోతే నేను మూడుసార్లు ఫోన్ చేస్తే తప్ప ఆ సంగతి నాకు తెలియలేదు. ఆ మూడు వారాలూ మా ఆడబిడ్డ రోజూ ఫోన్ చేసి, "వచ్చిందా నీ జంపఖానా?" అని అడిగిన గొంతు నాకింకా గుర్తుంది. వానాకాలంలో శుభకార్యం పెట్టుకున్నవాళ్లు కనీసం రెండు నెలల ముందు ఆర్డరివ్వాలి.

రెండోది రంగు. ఎరుపు రెండు ఉతుకుల దాకా కొంచెం దిగుతుందని, విడిగా ఉతకమని ఆయన ముందే చెప్పాడు. ఒకే జంపఖానాలో ఉన్న ఎరుపును తెలుపు నుంచి విడిగా ఎలా ఉతకాలో మాత్రం చెప్పలేదు. మొదటి ఉతుకులో, చన్నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి నానబెట్టినా సరే, ఒక మూల ముడి నూలు త్రికోణాలకు లేత గులాబీ ఛాయ వచ్చింది. కొనే ముందే తడి చేసిన తెల్ల గుడ్డతో ఎరుపు మీద రుద్ది చూసి ఉండవలసింది. నిప్పుతో పరీక్షించినదాన్ని నీళ్లతో పరీక్షించలేదు.

మూడో దాన్ని లోపమనాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు. పరిచాక చూస్తే, ఎడమ అంచు కుడి అంచు కంటే ముప్పావు అంగుళం పొట్టి. లెక్కల టీచరును కాబట్టి టేపు పెట్టి కొలిచాను. ఫోన్ చేసి చెబితే ఆయన నవ్వి, ఎడమ వైపు నేసింది తన భార్య అని, ఆమె పంజా దెబ్బ తనకంటే గట్టిదని చెప్పాడు. నిజమే, అరచేత్తో తడిమితే ఎడమ సగం కొంచెం దళసరిగా, బిగువుగా తగులుతుంది. ఏడాది వాడకంలో కుడి సగం అక్కడక్కడ నలిగి మెత్తబడింది గానీ ఎడమ సగం కొత్తదానిలాగే ఉంది. నలుచదరం కావాలనుకునేవాళ్లు మరమగ్గం సరుకు కొనుక్కోవచ్చు. నేను మాత్రం పేపర్లు దిద్దడానికి ఎడమ వైపే కూర్చుంటాను.

వాడుకలో నిజంగా ఇబ్బంది పెట్టింది టైల్స్. నున్నటి పలకల మీద నూలు జంపఖానా జారుతుంది. మొదటి వారంలోనే మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి, దానితో సహా గోడ దాకా వెళ్లాడు. తాత ఇంట్లో గచ్చు గరుకుగా ఉండేది కాబట్టి ఈ సంగతి నా అనుభవంలో లేదు. కింద వేయడానికి రబ్బరు వల ఒకటి దొరుకుతుంది. అది వేశాక జారడం ఆగింది. రోజూ ఊడిస్తే సరిపోదు, వారానికోసారి ఎత్తి కింద చేరిన ఇసుకను తీయాలి, లేకపోతే అదే నూలును లోపలి నుంచి కోస్తుంది. పెద్దది పొడిగా ఉన్నప్పుడే ఏడు కిలోల పైన తూగుతుంది, తడిస్తే ఇద్దరు పట్టినా పిట్టగోడ మీదికి ఎత్తడం కష్టం. ఎండ నేరుగా తగలకుండా నీడలో ఆరేస్తే రంగు నిలుస్తుంది. మూడు నెలలకొకసారి తల వైపు కాళ్ల వైపుకు తిప్పి పరిస్తే అరుగుదల అంతటా సమానంగా ఉంటుంది.

సుఖం సంగతికి వస్తే, వరంగల్ ఎండాకాలం తెలిసినవాళ్లకు ఎక్కువ చెప్పనక్కరలేదు. మేలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో రెగ్జిన్ సోఫా వీపుకు అతుక్కుంటుంది, దూది పరుపు లోపలి వేడిని బయటికి వదలదు. నేల చల్లదనం నూలు గుండా ఒంటికి తగులుతూ ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది. సాయంత్రం కాసిన్ని నీళ్లు చల్లి తుడిచిన నేల ఆరాక జంపఖానా పరిచి పడుకుంటే, కూలర్ లేకుండా ఒక నిద్ర తీయవచ్చు. చలికాలంలో మాత్రం ఇది ఒక్కటే చాలదు. కింద ఒక పాత బొంత వేసుకున్నాం.

ఇది ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. కింద కూర్చుంటే లేవలేరు. ఆమె కోసం చేతులున్న చెక్క కుర్చీలు రెండు కొన్నాం, వసారాలో నవారు మంచం ఉంది. నా పద్ధతి నాకు నచ్చినంత మాత్రాన ఆమె మోకాళ్లు దానికి ఒప్పుకోవాలనడం అన్యాయం. ఈ విషయంలో నేను మొదట కొంత మొండిగా ఉన్నానని, కుర్చీలు కూడా వద్దన్నానని ఇక్కడ ఒప్పుకోవడం మంచిది. సోఫా కొనమని అందరూ నన్ను తోస్తున్న ఊపులో, నేను అందరినీ నేల మీదికి తోయబోయాను. మా అమ్మాయికి కూడా సోఫా ఉంటే బాగుండునని ఉండేది. స్నేహితులు వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలని అడిగేది. తన గదిలో తనకు నచ్చినట్లు కుర్చీ, బల్ల అమర్చుకుంది. ముందుగదిలో ఉన్నదాన్ని రగ్గు అంటుంది. జంపఖానా అనమని నేను సరిదిద్దుతూ ఉంటాను, ఆమె అనదు.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఈ వస్తువుకు అసలు పరీక్ష జరిగింది. సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లు ఎనిమిది మంది మా ముందుగదిలోనే చేరారు. మధ్యలో తాంబాళం, చుట్టూ తంగేడు, బంతి, కట్ల పూల కుప్పలు, ఒక పక్క రంగు నీళ్లలో ముంచి తీసిన గునుగు కట్టలు. జంపఖానా మీద పాత చీర ఒకటి పరవమని నేను చెప్పేలోపే ఎవరో గులాబీ రంగు గునుగు కట్టను నేరుగా నీలం మీద పెట్టారు. ఆ మరక ఇప్పటికీ ఉంది. నిమ్మకాయ, సబ్బు, ఎండ ఏదీ పని చేయలేదు. ఇదివరకే రంగు దిగిన త్రికోణాల పక్కనే పడింది కాబట్టి, కొత్తవాళ్లు చూసి నమూనాలో భాగమే అనుకుంటారు. ఆ రోజు వదినె, అంటే మా ఆడబిడ్డ, కూడా వచ్చింది. రెండు గంటలు జంపఖానా మీద కూర్చుని, మూడు వరుసల గునుగు తనే పేర్చింది. బతుకమ్మను సోఫా మీద కూర్చుని పేర్చేవాళ్లు ఎవరూ ఉండరు కదా. లేస్తూ నడుము పట్టుకుని, "పండుగకైతే బాగనే ఉన్నది. రేపు పిల్లను చూడ వచ్చేటోళ్లు ఏమనుకుంటరు?" అంది.

పిల్లను చూడటానికి మాఘమాసంలో కరీంనగర్ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లు వచ్చే ముందురోజు, నిజం చెప్పాలంటే, నా ధైర్యం కొంత సడలింది. పక్కింటివాళ్ల సోఫా ఒక పూటకు తెచ్చి వేద్దామా అని మా వారిని అడిగింది నేనే. ఆయన, "వాళ్లు మళ్ల వస్తే మళ్ల తేవాలె" అన్నారు. తేలేదు. వచ్చినవాళ్లలో పెద్దాయన కుర్చీలో కూర్చున్నారు, తక్కినవాళ్లు జంపఖానా మీద. అబ్బాయి మేనత్త అంచును వేళ్లతో పట్టుకుని, ఎక్కడ నేయించారని, చదరపు అడుగు ఎంతని అడిగి, ఎరుపు రంగు దిగిందని నేను చెప్పకముందే కనిపెట్టింది. ఆ సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదని కబురు పంపారు. సోఫా లేకపోవడమే కారణమని వదినె ఇప్పటికీ అంటుంది. అయి ఉండవచ్చు కూడా. మా అమ్మాయి మాత్రం ఆ అబ్బాయి తనతో మాట్లాడిన పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు ఫోన్ చూసుకున్నాడని చెప్పి, ఆ రోజు సాయంత్రం తన గదిలోంచి దిండు తెచ్చుకుని వచ్చి కుడి సగం మీద పడుకుంది.

ఏడాది పూర్తయ్యాక నా అంచనా ఇది. నూలు, నేత, బిగువు విషయంలో ఈ జంపఖానా ఇచ్చిన డబ్బుకు తగిన వస్తువు; కనీసం పదేళ్లు ఉంటుందని అంచు కుచ్చుల ముడులు చూస్తే అనిపిస్తోంది, ఇప్పటిదాకా ఒక్కటీ ఊడలేదు. రంగు విషయంలో సగం మార్కులే ఇస్తాను. గడువు విషయంలో అంతకంటే తక్కువ. అమ్మినవాళ్ల నిజాయితీకి మార్కులు వేసే అర్హత నాకు లేదు. నేను ఒక పూట సోఫా అరువు తెద్దామన్న మనిషిని.

పోయిన వారం వసారాలోకి 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు గలది ఇంకొకటి చెప్పి వచ్చాను. ఇంకా వానలు ఉన్నాయి కాబట్టి దసరా తర్వాతే ఇస్తానన్నాడు, ఈసారి తనే ఫోన్ చేసి చెబుతానన్నాడు. నీలం, ముడి నూలు రంగు మాత్రమే, ఎరుపు వద్దని చెప్పాను. నేసేది మొత్తం అక్క ఒక్కతే అయితే బాగుంటుందని కూడా అన్నాను. ఆమె పంజా ఆపి నా వైపు చూసి, "అయితే చదరపు అడుగుకు వంద" అంది.